కీబోర్డు పిల్లల కంట పడనివ్వకండి

ఈ సలహాలు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో, గురుకులాల్లో ఎనిమిది, తొమ్మిది తరగతులకు కంప్యూటర్ పీరియడ్ తీసుకునే మాస్టార్ల కోసం, టీచరమ్మల కోసం. వీటిలో సగానికి మీ హెడ్మాస్టరు ఒప్పుకోరు. తోటి టీచర్లు స్టాఫ్ రూములో వింతగా చూస్తారు. టైపింగ్ ఎలా నేర్పాలని ఇన్నాళ్లూ అనుకుంటున్నామో, దాదాపు ప్రతిచోటా దానికి అడ్డం తిరిగి చెబుతున్నాను. అయినా జూన్‌లో బడి తెరిచినప్పటి నుంచి ఒక్క సెక్షన్‌తో చేసి చూడండి. ఒక పిల్ల తన మనసులో ఉన్న మాటను, తన భాషలో, చేతుల వంక చూడకుండా తెర మీద పెట్టగలిగిన రోజున ఆ పిల్లకు టైపింగ్ వచ్చిందంటాను. నిమిషానికి ఎన్ని మాటలు కొట్టిందో ఆ తర్వాత చూసుకోవచ్చు. కింద చెప్పేవన్నీ ఆ ఒక్క పని కోసమే.

కీబోర్డు ఒళ్లో పెట్టించండి

మన ల్యాబుల్లో బల్లలు పెద్దవాళ్ల కొలతకు చేసినవి. పదమూడేళ్ల పిల్ల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే బల్ల అంచు ఛాతీ దాకా వస్తుంది. మోచేతులు పైకెత్తి, భుజాలు బిగించి కొడుతుంది. పది నిమిషాలకే మెడ లాగుతుంది. కొత్త ఫర్నిచర్ కోసం అర్జీ పెట్టి కూర్చోకండి. కీబోర్డు తీసి ఒళ్లో పెట్టించండి. కింద పరీక్ష అట్ట ఉంటే కదలదు. పరీక్ష అట్ట లేని హైస్కూలు పిల్ల ఉండదు కదా. సీపీయూ వెనక వైరును చుట్ట చుట్టి కట్టి ఉంటారు, ఆ ముడి విప్పితే ఒళ్లోకి హాయిగా వస్తుంది. మోచేతులు కిందికి దిగుతాయి, భుజాలు వదులవుతాయి.

దీనివల్ల ఇంకో పెద్ద లాభం ఉంది. కుర్చీని కాస్త ముందుకు జరిపితే చేతులు బల్ల కిందికి పోతాయి. పిల్లకు కనబడేది తెర ఒక్కటే. "కీబోర్డు చూడకు, కీబోర్డు చూడకు" అని మీరు పీరియడ్ పొడుగునా అరవక్కర్లేదు. చూద్దామన్నా కనబడదు. మొదటి వారం పిల్లలు ఇబ్బంది పడతారు, ఒకరిద్దరు ఏడుపు మొహం పెడతారు. కుర్చీ వెనక్కి జరుపుకుని దొంగచూపు చూసేవాళ్లూ ఉంటారు. తిట్టకండి, మళ్లీ కుర్చీ ముందుకు జరపండి. రెండో వారానికి ఎఫ్, జె కీల మీద ఉండే చిన్న గీతలను చూపుడువేళ్లు వాటంతట అవే వెతుక్కుంటాయి. ఆ గీతలు పెట్టిందే చూడకుండా తడుముకోవడానికి. ఏళ్ల తరబడి కంప్యూటర్ వాడుతూ వాటిని ఒక్కసారీ తడమనివాళ్లు ఎందరో.

చూడకుండా కొట్టడంలో ఎంత బలం ఉందో లోకానికి తెలిసి చాలాకాలమైంది. 1888 జులైలో అమెరికాలోని సిన్సినాటిలో టైపు పోటీ జరిగింది. సాల్ట్ లేక్ సిటీ కోర్టు స్టెనోగ్రాఫర్ ఫ్రాంక్ మెక్‌గరిన్ కీల చోట్లన్నీ వేళ్లకు అలవాటు చేసుకుని వచ్చాడు. అతని కళ్లు ఎదురుగా ఉన్న కాగితం మీదే నిలిచాయి. ప్రత్యర్థి లూయీ ట్రాబ్ కీలను చూస్తూ కొట్టాడు, ఓడిపోయాడు. మన పిల్లలు ఇప్పటికీ ట్రాబ్ పద్ధతిలోనే నేర్చుకుంటున్నారు, అదీ ఒక్క వేలితో.

ఇంకో మాట. కీబోర్డు బొమ్మను నోట్‌బుక్కులో గీయించి, కీల వరసలు బట్టీ పట్టించి, యూనిట్ టెస్టులో ఖాళీలు పూరించమని అడగడం చాలా బళ్లలో ఉంది. దాన్ని ఈ ఏడాదే ఆపేయండి. 2013లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ పరిశోధకులు చెయ్యి తిరిగిన టైపిస్టులకు అక్షరాలు లేని ఖాళీ కీబోర్డు బొమ్మ ఇచ్చి ఏ అక్షరం ఎక్కడుందో రాయమన్నారు. నిమిషానికి 70 మాటల పైన కొట్టగలిగినవాళ్లు సగటున 15 అక్షరాలనే సరైన చోట రాయగలిగారు. వేళ్లకు తెలిసిన సంగతి నోటికి తెలియనక్కర్లేదు. సంతలో మల్లెపూల దండ కట్టే ఆవిడను చూడండి. దారం ఎటు తిప్పి ఎటు లాగుతుందో చెప్పమంటే చెప్పలేదు, కానీ మీతో బేరమాడుతూనే మూర కట్టి ఇస్తుంది. పిల్లల వేళ్లను అక్కడికి తీసుకెళ్లాలి. బట్టీతో ఆ దారి దొరకదు.

ఇంగ్లీషు కంటే ముందు తెలుగు నేర్పండి

ఈ సలహాకే అన్నిటికంటే ఎక్కువమంది అడ్డం పడతారు. ఉద్యోగాల్లో అడిగేది ఇంగ్లీషు టైపింగ్ అంటారు. తెలుగు టైపింగ్ డీటీపీ సెంటర్ల వాళ్లకు గానీ బడిపిల్లలకెందుకంటారు. ఫోన్లో తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేస్తున్నారుగా, ఇక చాలంటారు. ఆ అలవాటే నాకు బెంగ. పదమూడేళ్ల పిల్ల తన ఊసులన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతూ పెరిగితే, ఏదో ఒకనాటికి ఒత్తులు, దీర్ఘాలు చెవిలోంచి కూడా జారిపోతాయి.

తెలుగు కొట్టడానికి ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి నేర్పండి. విండోస్‌లో సెట్టింగ్స్‌కు వెళ్లి తెలుగు భాష కలుపుకుంటే ఈ కీబోర్డు ఉచితంగా వస్తుంది. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే ఇంగ్లీషుకూ తెలుగుకూ మారుతుంది. తెలుగు ఫొనెటిక్ అని ఇంకోటి కనిపిస్తుంది, దాని జోలికి పోకండి. అది పిల్లను మళ్లీ ఇంగ్లీషు స్పెల్లింగులోనే ఆలోచించమంటుంది. ఊళ్లో ప్రెస్సు నడిపే తండ్రి వచ్చి మా దగ్గరంతా అను ఫాంట్లు, యాపిల్ కీబోర్డే అంటాడు. ఆయన పని ఆయనకు నడుస్తుంది. ఆయన బిడ్డకు మాత్రం ఫాంటు మారినా, సిస్టమ్ మారినా చెడిపోని తెలుగు కావాలి.

ఇన్‌స్క్రిప్ట్‌ను 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ మన దేశ లిపులకు ఒకే అమరికగా తయారు చేయించింది. దాన్ని దగ్గరగా చూస్తే అది మన ఒకటో తరగతి పాఠమే. హల్లులు చాలావరకు కుడిచేతి వైపు, గుణింతపు గుర్తులు ఎడమచేతి వైపు. కుడిచేతి నాలుగు వేళ్ల కింద ర, క, త, చ ఉంటాయి. పక్కన అటు ప, ఇటు ట. ఎడమచేతి చిటికెనవేలి కింద ఓత్వం, ఉంగరపువేలి కింద ఏత్వం, నడిమివేలి కింద పొల్లు, చూపుడువేలి కింద గుడి, దాని పక్కన కొమ్ము. క మీద షిఫ్ట్ పట్టుకుంటే ఖ, త మీద పట్టుకుంటే థ. వర్ణమాల వచ్చిన పిల్లకు కీబోర్డులో సగం చెప్పకుండానే వచ్చేస్తుంది.

ఇక ఈ తేడా చూడండి. ఇంగ్లీషులో మధ్య వరస కీలతో మొదలుపెడితే అక్కడున్న అచ్చు ఒక్క ఏ. ఆ వరసతో వచ్చేవి డాడ్, లాడ్, ఫ్లాస్క్ లాంటి నాలుగు మాటలు. అర్థం లేని అక్షరాల గుంపులను వారాల తరబడి కొట్టించాలి. తెలుగులో అదే మధ్య వరస దాటకుండా కోతి, తోక, కుక్క, కత్తి, తోట, కోట, పిట్ట, పిచ్చుక అన్నీ వస్తాయి. "కోతి పేరు చిట్టి" అనే వాక్యం మొత్తం మధ్య వరసలోనే ఉంది. రెండో రోజునే పిల్ల ఒక పూర్తి వాక్యం కొడుతుంది, అందులో కోతి ఉంటుంది, క్లాసు నవ్వుతుంది. చేతుల్ని చూడకుండా కొట్టిందన్న సంగతి ఆ పిల్లకు తర్వాత గుర్తొస్తుంది.

ఒక్కోసారి కుడిచెయ్యి ఒక కీ పక్కకు జరిగి కూర్చుంటుంది. అప్పుడు కోతి కాస్తా తోచి అవుతుంది, తోక చోత అవుతుంది. తెర మీద తోచి చోత అని పడగానే పిల్లకు తనకే తెలిసిపోతుంది, చూపుడువేలితో జె గీతను వెతుక్కుంటుంది. మీరు నోరు విప్పకండి.

మధ్య వరస అయిపోగానే గుణింతం కొట్టించండి. క కా కి కీ కు కూ. కుడిచెయ్యి క మీద కదలకుండా ఉంటుంది, ఎడమచెయ్యి కీబోర్డంతా తిరిగొస్తుంది. చూపుడువేలికి గుడి, గుడిదీర్ఘం, కొమ్ము, కొమ్ముదీర్ఘం. చిటికెనవేలికి ఎత్వం, ఒత్వం, ఓత్వం, ఔత్వం. ఉంగరపువేలికి ఏత్వం, ఐత్వం, సున్న. నడిమివేలికి దీర్ఘం. ఎడమచేతికి ఇంతకంటే మంచి కసరత్తు ఏ టైపింగ్ పుస్తకంలోనూ నేను చూడలేదు. క తర్వాత త, ప, చ. క్లాసంతా గొంతెత్తి పాడుతూ కొట్టాలి. పక్క గదిలో లెక్కల మాస్టారికి ఇబ్బందైతే ఆయనతో మాట్లాడుకుని పీరియడ్ మార్పించుకోండి గానీ పాట మాత్రం ఆపకండి. లయ లేకుండా వేళ్లకు ఏదీ నిలవదు.

హిందీ టీచరుకు కూడా ఈ సంగతి చెప్పండి. తెలుగు క ఉన్న కీ మీదే హిందీ క ఉంటుంది, త మీద త, గుడి మీద గుడి. తెలుగు నేర్చిన వేళ్లకు హిందీ టైపింగ్ కొత్తగా నేర్పాల్సింది కొద్దిగానే. మన పిల్లలు చదివే మూడు భాషల్లో రెండింటికి ఒక్క సాధన సరిపోతుంది.

బ్యాక్‌స్పేస్ తీసేయండి

బ్యాక్‌స్పేస్ కీ మీద మందపాటి అట్టముక్క పెట్టి టేపు వేసేయండి. కొందరు ఆ కీనే ఊడదీస్తారు. అంత పొడుగు కీల కింద సన్నని ఇనుప కమ్మీ ఉంటుంది, తిరిగి బిగించేటప్పుడు ప్రాణం తీస్తుంది. అట్టముక్క చాలు. డిలీట్ కీకి కూడా. మౌస్‌ను సీపీయూ పైన బోర్లా పెట్టండి, లేకపోతే తప్పును మౌస్‌తో పట్టుకుని చెరిపేసే తెలివైనవాడు ఒకడు తయారవుతాడు.

తప్పు పడగానే చెరిపే అలవాటు ఏం చేస్తుందో గమనించండి. వేలు తప్పు కీ మీద పడుతుంది. పిల్ల ఆగుతుంది, కిందికి చూస్తుంది, మూలనున్న బ్యాక్‌స్పేస్ కోసం కుడిచెయ్యి మొత్తం లేస్తుంది, తిరిగి వచ్చి వేరే చోట దిగుతుంది. అక్కడి నుంచి వరసంతా తప్పే. ఒక్క అక్షరం తప్పు కోసం చూపు, లయ, చెయ్యి మూడూ పోయాయి. చెరిపే వీలు లేకపోతే తప్పు తెర మీద ఉండిపోతుంది, పిల్ల ముందుకు సాగిపోతుంది. పాత టైపు ఇన్‌స్టిట్యూట్లలో జరిగింది ఇదే. మిషన్ మీద పడ్డ అక్షరం కాగితం మీదే ఉండిపోయేది. మా ముందు తరంలో టైపు పరీక్షలు లోయర్, హయ్యర్ పాసైన గుమాస్తాల చేతికి అంత నిలకడ అందుకే వచ్చిందని నా గట్టి నమ్మకం.

తప్పులను పీరియడ్ చివరి అయిదు నిమిషాల్లో చూడండి. పిల్లే తన పేజీ గట్టిగా చదవాలి. ఎక్కడ నాలుక తడబడితే అక్కడ తప్పుంది. దిద్దించకండి. ఏ వేలు దారి తప్పిందో అడగండి, చెబుతుంది. మర్నాడు ఆ వేలికి నాలుగు మాటలు ఎక్కువ ఇవ్వండి. మెతకగా ఉందని మీకనిపిస్తుంది, ఎర్ర సిరా లేకుండా దిద్దుబాటేమిటని ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లూ అంటారు. రెండు నెలలు ఓర్చుకోండి.

సంక్రాంతి దాకా వేగం మాట ఎత్తకండి

లోయర్ పరీక్షకు నిమిషానికి 30 ఇంగ్లీషు మాటలు, హయ్యర్‌కు 45. ఇంటర్ అర్హతతో స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే పరీక్షలో 35, అంటే గంటకు 10,500 నొక్కులు. ఈ అంకెలు మీకు తెలిసి ఉండాలి, పిల్లలకు అక్కర్లేదు. నల్లబల్ల మీద పేర్లు రాసి, పక్కన వేగం రాసి, వారం వారం దిద్దే పద్ధతి చాలా చోట్ల ఉంది. దయచేసి ఆ పట్టిక తుడిచేయండి. అమెరికాలో బ్రయన్, హార్టర్ అనే ఇద్దరు 1897లో తంతి నేర్చుకునేవాళ్ల మీద పరిశోధన చేశారు. నేర్చుకునేవాడి వేగం కొంతకాలం పెరిగి, తర్వాత వారాల తరబడి ఉన్నచోటే నిలిచిపోయి, మళ్లీ పెరిగింది. అక్షరాలుగా విన్నది మాటలుగా వినబడడం మొదలయ్యేది ఆ మధ్యకాలంలోనే అని వాళ్లు అన్నారు. పైకి ఏమీ జరగనట్టున్న ఆ వారాల్లో పట్టిక మీద తన అంకె కదలడం లేదని చూసిన పిల్ల కీబోర్డు మీద ఆశ వదిలేస్తుంది. వెనకబడ్డ పిల్లలు ముందు వదిలేస్తారు. వాళ్లకే ఈ విద్య ఎక్కువ అవసరం.

పైగా ఆ కొలత తెలుగుకు సరిపోదు. ఇంగ్లీషు లెక్కలో అయిదు నొక్కులు ఒక మాట. తెలుగులో "తెలుసుకోవాల్సిన" అన్న ఒక్క మాటకు 15 నొక్కులు. అంటే ఒక మాట కొట్టిన పిల్ల మూడు మాటల పని చేసింది. మాటలు లెక్కపెట్టి తెలుగు పిల్లను తక్కువ చేయకండి.

పీరియడ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. శనివారం మధ్యాహ్నం రెండు పీరియడ్లు కలిపి ల్యాబ్ వేయడం హెడ్మాస్టర్లకు ఇష్టం, టైంటేబుల్ సుళువవుతుంది. ఒప్పుకోకండి. రోజూ పావుగంట అడగండి. ప్రార్థన తర్వాత ఇచ్చినా, మధ్యాహ్న భోజనం తర్వాత ఇచ్చినా తీసుకోండి. 1978లో బ్యాడ్లీ, లాంగ్‌మన్ అనే బ్రిటిష్ పరిశోధకులు అక్కడి పోస్టాఫీసు ఉద్యోగులకు టైపు నేర్పుతూ ఈ సంగతే చూశారు. రోజుకు ఒక్క గంట నేర్చుకున్నవాళ్లు, రోజుకు నాలుగు గంటలు కూర్చున్నవాళ్ల కంటే మొత్తం మీద తక్కువ గంటల్లోనే అదే స్థాయికి వచ్చారు. కానీ తమ శిక్షణ మీద ఎక్కువ అసంతృప్తి చూపిందీ ఆ ఒక్క గంట వాళ్లే, క్యాలెండరు మీద రోజులు ఎక్కువ పట్టాయి కనుక. మీ పిల్లలు, మీ హెడ్మాస్టరు కూడా అలాగే గొణుగుతారు. గొణగనివ్వండి.

పది వేళ్ల కోసం పట్టుబట్టకండి

చిటికెనవేలు లేవని పిల్ల ఉంటే ఉంగరపువేలితో కొట్టనివ్వండి. 2016లో ఫిన్లాండ్‌లోని ఆల్టో యూనివర్సిటీ వాళ్లు టైపు చేసేవాళ్ల వేళ్ల కదలికలను కొలిచారు. శిక్షణ లేకుండా, ఆరేడు వేళ్లతో కొట్టేవాళ్లలో పది వేళ్ల వాళ్లంత వేగంగా కొట్టేవాళ్లు కనబడ్డారు. ఒక కీకి ఎప్పుడూ ఒకే వేలు వాడడం, చేతులు ఎక్కువ కదపకపోవడం వాళ్లకు కలిసొచ్చాయి. శిక్షణ పొందినవాళ్లు మాత్రం కీబోర్డు వంక చాలా తక్కువ చూశారు. మీ పట్టుదలంతా ఆ చూపు మీద పెట్టండి. ఏ వేలైనా సరే, రోజూ అదే వేలు వాడితే చాలు. ఏదో కారణాన వేలు లేని పిల్ల, ఒక చెయ్యి బలహీనంగా ఉన్న పిల్ల మీ క్లాసులో ఉంటే ఈ ఒక్క సడలింపుతో ఆ పిల్ల కూడా అందరితో పాటు కూర్చుంటుంది.

టైపింగ్ ఆటల సాఫ్ట్‌వేర్ వేయకండి. పైనుంచి అక్షరాలు రాలడం, తెర కింద కీబోర్డు బొమ్మ వెలగడం, ఇవన్నీ ఒక్కో అక్షరాన్ని కళ్లతో వేటాడమని నేర్పుతాయి. నోట్‌ప్యాడ్ తెరవండి, అక్షరం సైజు పెంచండి, అంతే.

ఒక సిస్టమ్‌కు ఇద్దరిని కూర్చోబెట్టండి

అన్ని కంప్యూటర్లూ పనిచేస్తున్నా సరే, ఇద్దరికి ఒకటే ఇవ్వండి. ఒకరు చెబుతారు, ఒకరు కొడతారు. చెప్పేవాళ్ల చేతిలో పుస్తకం ఉండకూడదు. నిన్న ఇంట్లో ఏం జరిగింది, పొలంలో ఎవరు పనికొచ్చారు, అమ్మమ్మ ఏమని తిట్టింది, బస్సు ఎందుకు రాలేదు, ఇవి చెప్పాలి. కొట్టే పిల్ల కళ్లు మూసుకుని వింటూ కొట్టొచ్చు. ఇంగ్లీషు టైపిస్టులు తరతరాలుగా కొడుతున్న, నక్క కుక్క మీంచి దూకే వాక్యంలో ఇరవయ్యారు అక్షరాలూ ఉన్నాయి గానీ చెప్పేవాడికి అందులో ఏమీ లేదు. తన మాట తెర మీద పడుతుంటే చెప్పేవాడు ఆగడు, కొట్టేవాడికి ఆగే వీలుండదు.

పిల్లలు పలికినట్టే కొట్టనివ్వండి. ఒకడు వచ్చిండు అంటాడు, ఇంకొకడు వచ్చినాడు అంటాడు, శ్రీకాకుళం వైపు పిల్ల వచ్చేడు అంటుంది. తెలుగు మాస్టారు దిద్దుదామంటే టైపింగ్ పీరియడ్‌లో వద్దని బతిమాలుకోండి. పిల్ల చెవికి, వేలికి మధ్య మూడో మనిషి రాకూడదు. వాళ్ల ఊరి మాట వాళ్ల చేతి మీదుగా అచ్చులాంటి అక్షరాల్లో కనబడడం వాళ్లకు మొదటిసారి. అప్పుడు వాళ్ల మొహాలు చూడండి.

కరెంటు పోతే క్లాసు ఆపకండి. తెరలు ఆరిపోతాయి, కీబోర్డులు ఒళ్లోనే ఉంటాయి. ఒకరు చెబుతూ ఉండాలి, ఒకరు ఆ చచ్చిన కీల మీదే కొడుతూ ఉండాలి. తెర లేకుండా కొట్టిన పావుగంట చాలా పనికొస్తుంది.

ఇంగ్లీషు జనవరిలో

సంక్రాంతి సెలవుల తర్వాత ఇంగ్లీషు మొదలుపెట్టండి. అప్పటికి వేళ్లు వాటి చోట్లు ఎరిగి ఉంటాయి, చేతులు చూడకుండా ఉండడం అలవాటై ఉంటుంది. కొత్తగా నేర్చుకోవాల్సినవి ఇరవయ్యారు అక్షరాలే. తెలుగుకు పట్టినంత కాలం పట్టదు. వేగం కొలవడమూ అప్పుడే మొదలుపెట్టండి, నెలకొకసారి, ఎవరి అంకె వాళ్లకే చెప్పండి. ఫిబ్రవరిలో బ్యాక్‌స్పేస్ మీద అట్ట తీసేయండి. చాలామంది పిల్లలు దాన్ని వాడడం మరిచిపోయి ఉంటారు.

మార్చిలో పరీక్ష పెట్టండి. పది నిమిషాలు, కీబోర్డు ఒళ్లో, జంటలు మార్చి కూర్చోబెట్టాలి. చెప్పే పిల్ల అంతవరకు ఎవరికీ చెప్పని ఒక సంగతి చెప్పాలి, కొట్టే పిల్ల దాన్ని తెలుగులో తెర మీద పెట్టాలి. తర్వాత చెప్పిన పిల్లే పేజీ చదివి, తన మాట తనకు అందిందో లేదో చెబుతుంది. అందిందంటే పూర్తి మార్కులు వేయండి. అందకపోతే అదే జంటకు మర్నాడు మళ్లీ పది నిమిషాలు ఇవ్వండి, ఆ మర్నాడు కూడా ఇవ్వండి.